పెద్దమ్మ చెబుతున్న పేర్లు

ఆమ్‌స్టర్‌డామ్‌లోని అంతర్జాతీయ సామాజిక చరిత్ర సంస్థలో నేను పాత కాగితాల పెట్టెలు చూసుకుంటాను. ఒకప్పుడు కోకో గింజలు నిలవ చేసిన గిడ్డంగి అది. నాజీల చేతికి చిక్కకుండా కాపాడిన మార్క్స్, ఎంగెల్స్ చేతిరాతలు ఇక్కడే ఉన్నాయి. తుప్పుపట్టిన పిన్నులు ఊడదీసి, కరపత్రాలు మడతలు విప్పి సర్దడం, అడిగిన వారికి తెచ్చి ఇవ్వడం నా పని. సూర్యాపేట దగ్గరి పల్లెలో పుట్టిన నాకు ఈ పని మీద గొప్ప గౌరవం.

గత చలికాలమంతా టర్కీ పాత్రికేయుడొకాయన వచ్చేవారు. 2016లో సైనిక కుట్ర విఫలమయ్యాక జరిగిన అరెస్టుల కాలంలో దేశం విడిచారు. తిరిగి వెళ్తే జైలే. ఆయన పరిశోధిస్తున్నది అంతకు ముందరి నిర్బంధాన్ని. 1980 సెప్టెంబర్ 12న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక టర్కీలో ఆరున్నర లక్షల మందిని నిర్బంధించారు, 50 మందిని ఉరితీశారు. ఇంట్లో ఎర్ర పుస్తకం దొరికితే ప్రమాదమని తల్లులే పొయ్యిలో వేసేశారట. అక్కడ బూడిదైన పత్రికల ప్రతులు కొన్ని ఇక్కడ దొరికినప్పుడు ఆయన చాలాసేపు పేజీ తిప్పేవారు కాదు.

మా జిల్లా గురించి అడిగితే తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం సంగతి చెప్పాను. 1946లో కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య మరణం, దొరల భూములు పంచిన ఆ రైతుల సంఘం, 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలనను కూల్చిన భారత సైన్యమే ఆ తర్వాత సంఘం ఊళ్ల మీద పడటం. ప్రత్యేక ట్రిబ్యునళ్లు రైతులకు ఉరిశిక్షలు వేస్తే, ఇంగ్లండు నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. ఆ ఉరిశిక్షలు చివరికి యావజ్జీవాలయ్యాయి. ప్రిట్ పేరు ఆయన వెంటనే రాసుకున్నారు. తర్వాత అడిగిన ప్రశ్నకే నా దగ్గర జవాబు లేకపోయింది: "మరి ఆ ఊళ్లు దాచుకున్న కాగితాలు ఎక్కడున్నాయి?"

మిలిటరీ వస్తోందంటే మా వాళ్లు రసీదులు, ఉత్తరాలు బావిలో పడేశారని నాయనమ్మ చెప్పేది. తీర్పులు మాత్రం ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంటాయి. అందులో రైతు ముద్దాయిగానే కనిపిస్తాడు. పోరాడేవారికి అన్నం పెట్టిన చేతుల ఊసు తీర్పులో ఎవరు రాస్తారు? నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆనాటి పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటాయి. నల్లగొండ, జనగామ పల్లెల్లో వారి మాటలు రికార్డు చేయడానికి మిగిలిన సమయం చాలా తక్కువ.

ఆ పాత్రికేయుడు ప్రతి అభియోగపత్రం పక్కన ఆ కాలంలో జైలులో ఉన్నవారి మాట పెడతారు. ఫోనులో గంటలకొద్దీ వింటారు. తేదీలు అడగవద్దనీ, ఆ రోజు ఇంట్లో ఏం వండారో, పక్కన ఎవరున్నారో అడగమనీ నాకు నేర్పింది ఆయనే.

ఇప్పుడు ఆదివారాలు పెద్దమ్మకు ఫోను చేస్తున్నాను. "జొన్న గట్క పొయ్యి మీద ఉందిరా, మగవాళ్లందరినీ బొడ్రాయి దగ్గర నిలబెట్టారు" అని మొదలుపెట్టి, నిలబడినవారి పేర్లు ఇంటిపేర్లతో సహా చెబుతోంది. ఈ వారం పడమటి వాడ పూర్తయింది. వచ్చే వారం మాలవాడ, మాదిగవాడల పేర్లు అడగాలి.