777 ఇచ్చినా ఫైలు పడని అప్‌లోడ్స్ ఫోల్డర్: నా అనుభవం

నేను ఒక డిగ్రీ కళాశాల అడ్మిషన్ల వెబ్‌సైటు బాధ్యత చూస్తున్నాను. విద్యార్థులు దరఖాస్తుతో పాటు మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఫొటో అందులో అప్‌లోడ్ చేస్తారు. ఉబుంటు మీద నడుస్తున్న ఆ సైటును ఈ మధ్యే ఆల్మాలినక్స్ 9 ఉన్న కొత్త సర్వరుకు మార్చాం (రెండూ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లే). డేటాబేస్, డొమైన్, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ పనులు ఏ ఇబ్బందీ లేకుండా ముగిశాయి. ఫైలు అప్‌లోడ్ చేయబోతే మాత్రం, సైటు కోడ్ రాసిన భాష పీహెచ్‌పీ లాగ్‌లో "ఫెయిల్డ్ టు ఓపెన్ స్ట్రీమ్: పర్మిషన్ డినైడ్" (ఫైలు తెరవలేకపోయాను, అనుమతి లేదు) అని పడసాగింది.

ఉబుంటులో వెబ్ సర్వర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజరుతో నడిస్తే, ఆల్మాలినక్స్‌లో అపాచీ అనే యూజరుతో నడుస్తుంది. అందువల్ల ముందుగా ఫోల్డర్ యజమానిని మార్చి, ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 అనే అనుమతి సంఖ్యలు ఇచ్చాను; రెండిటిలోనూ యజమాని రాయగలడు, మిగతావారు చదవగలరంతే. పైనున్న ఫోల్డర్లలో ఏ ఒక్కదానికి ఎగ్జిక్యూట్ (లోపలికి వెళ్లే) అనుమతి లేకపోయినా లోపలి ఫోల్డరుకు ఇచ్చిన అనుమతులన్నీ వృథా కనుక, అన్నిటికంటే పైనున్న రూట్ ఫోల్డర్ నుంచి అప్‌లోడ్స్ వరకు ఒక్కొక్కటీ పరిశీలించాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి, ఎర్రర్ మాత్రం పోలేదు.

సర్వర్ అద్దెకు ఇచ్చిన సంస్థ సపోర్టు విభాగాన్ని అడిగితే, ఫోల్డరుకు 777 ఇవ్వమని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. పిల్లల ధ్రువపత్రాలు ఉండే ఫోల్డర్‌లో సర్వర్ మీది ఏ యూజరైనా రాసుకోవచ్చునని అనుమతించమనే సలహా అది. అది తప్పని తెలిసినా, వాళ్లకు రుజువు చూపడం కోసం పరీక్షకు ఇచ్చి చూశాను. ఎర్రర్ అలాగే వచ్చింది. ఆ సంగతి చెప్పాక కూడా ఆ సంస్థ ప్రతినిధి, ప్రిన్సిపాల్ గారి గదిలో స్పీకర్ ఫోన్ మీద, "మా సర్వర్‌లో ఏ లోపమూ లేదు సార్, మీ డెవలపర్ గారు కోడ్ సరిచూసుకోవాలి" అన్నాడు. అదే కోడ్ పాత సర్వర్ మీద ఏళ్ల తరబడి పనిచేసిందని నేను ఎంత చెప్పినా, గడువు ముంచుకొస్తున్న వేళ ఆ గదిలో నా మాట చెల్లలేదు. అంతమంది ముందు అనిపించుకున్న ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడలేదు.

అన్నిటికంటే నన్ను అయోమయంలో పడేసిన విషయం వేరొకటి ఉంది. టెర్మినల్‌లో సుడో (మరో యూజరు పేరుతో ఆదేశం నడిపే సాధనం) ద్వారా అపాచీ యూజరుగా అదే ఫోల్డర్‌లో ఖాళీ ఫైలు సృష్టిస్తే చక్కగా ఏర్పడింది, బ్రౌజర్ నుంచి పంపితే నిరాకరణ వచ్చింది. యూజర్ ఒకడే, ఫోల్డర్ ఒకటే అయినప్పుడు ఫలితం రెండు విధాలుగా ఉందంటే, యూజర్ పేరును పట్టించుకోని మరో కాపలా ఏదో ఉండి తీరాలి. ఆ కాపలా పేరు ఎస్ఈలినక్స్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ రూపొందించి 2000లో విడుదల చేసిన ఈ వ్యవస్థ ఆల్మాలినక్స్‌లో మొదటి నుంచే అమలులో ఉంటుంది. నడిచే ప్రతి ప్రాసెస్‌కూ, ప్రతి ఫైలుకూ, ఫోల్డరుకూ ఇది ఒక ముద్ర (లేబుల్) వేసి, ఏ ముద్ర ఉన్నది దేన్ని తాకవచ్చో నిర్ణయిస్తుంది. దాని నిరాకరణలు నమోదయ్యే ఆడిట్ లాగ్ తెరిచి చూస్తే విషయమంతా ఒక్క వరుసలో ఉంది: పీహెచ్‌పీ కోడ్‌ను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అనే ప్రాసెస్ అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో రాయబోగా నిరాకరించడమైనది, ప్రాసెస్ ముద్ర హెచ్‌టీటీపీడీ_టీ, ఫోల్డర్ ముద్ర హెచ్‌టీటీపీడీ_సిస్_కంటెంట్_టీ. ఆ ముద్ర ఉన్న ఫోల్డరును వెబ్ సర్వర్ చదవగలదే గాని అందులో రాయలేదు. టెర్మినల్ నుంచి నడిపిన ఆదేశానికి ఆ కట్టుబాటు లేదు కాబట్టే అక్కడ ఫైలు ఏర్పడింది.

పరిష్కారం తెలిశాక పని చిన్నదే. సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ ఆదేశంతో ఆ ఫోల్డరుకు, దాని లోపలి వాటికి హెచ్‌టీటీపీడీ_సిస్_ఆర్‌డబ్ల్యూ_కంటెంట్_టీ ముద్ర నమోదు చేసి, నమోదైన ముద్రలను ఫైళ్లకు వర్తింపజేసే రీస్టోర్‌కాన్ ఆదేశం నడిపి, అనుమతులను తిరిగి 755కు తెచ్చాను. చాలామంది, నమోదు చేయకుండా ముద్రను నేరుగా మార్చే సీహెచ్‌కాన్ ఆదేశంతో సరిపెడతారు గాని, తర్వాత ఎవరైనా రీస్టోర్‌కాన్ నడిపిన క్షణమే ఆ మార్పు చెరిగిపోతుంది. అసలు ఎస్ఈలినక్స్‌నే ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట దయచేసి వినకండి. ఒక్క ఫోల్డర్ కోసం సర్వరంతటికీ ఉన్న రక్షణను తీసివేయడం, అందులో తమ పత్రాలు దాచుకున్న వారికి చేసే అన్యాయం. ఆడిట్ లాగ్‌లోని ఆ వరుసను ప్రిన్సిపాల్ గారికి, సపోర్టు విభాగానికి ఒకే మెయిల్‌లో పంపించాను. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి మాట్లాడారు, ఆ సంస్థ నుంచి మాత్రం ఇంతవరకు జవాబు లేదు.

ఆ తర్వాత కూడా కొన్ని పెద్ద స్కాన్ కాపీలు ఆగిపోయాయి. అది అనుమతుల సమస్య కాదు, పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితి మామూలుగా 2 ఎంబీ మాత్రమే ఉంటుంది. దాన్ని పెంచి పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం రీస్టార్ట్ చేశాక దరఖాస్తులు సక్రమంగా చేరుతున్నాయి.