తాతయ్యను ఇంట్లోనే చూసుకున్నాం

మా తాతయ్యకు ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకూ తుంటి ఎముకకూ పాకిందనీ, ఇకమీదట చేసే చికిత్స వల్ల మేలుకన్నా బాధే ఎక్కువనీ, ఇంటికి తీసుకువెళ్లి నొప్పి లేకుండా చూసుకోవడమే మంచిదనీ హైదరాబాదులో వైద్యులు చెప్పినప్పుడు, చుట్టాలందరూ దానిని 'డాక్టర్లు చేతులెత్తేశారు' అనే అర్థం చేసుకున్నారు. నిజానికి ఆయన కోసం మా కుటుంబం ఎక్కువ పని చేసింది ఆ తరువాతి నెలల్లోనే.

మాది సిద్దిపేట జిల్లాలోని ఒక పల్లె. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో, నయం కాని జబ్బులున్నవారికి నొప్పీ బాధా తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం ఉందనీ, మంచం దిగలేని రోగుల ఇళ్లకు 'ఆలన' అనే వాహనంలో అక్కడి సిబ్బందే వస్తారనీ మాకు చెప్పింది మా ఊరి ఆశా కార్యకర్త. మొదటిసారి వచ్చిన నర్సు రిపోర్టుల కట్ట విప్పకుండా, నేరుగా తాతయ్య మంచం పక్కన కూర్చుని, "ఎక్కడ నొస్తుంది తాతా? రాత్రి నిద్ర పడుతుందా?" అని అడిగింది. అన్ని ఆసుపత్రులు తిరిగినా, ఆ ప్రశ్న ముందుగా అడిగినవారిని మేము చూడలేదు.

నొప్పి తగ్గడానికి మార్ఫిన్ ఇస్తామనగానే ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. అది మత్తుమందు కదా, అలవాటు పడిపోతాడేమో, ఊపిరి ఆగిపోతుందేమో అని నాన్న వెనకాడారు. క్యాన్సర్ నొప్పికి తగిన మోతాదులో, వైద్యుల పర్యవేక్షణలో ఇస్తే అది వ్యసనంగా మారడం చాలా అరుదని నర్సు ఓపికగా వివరించింది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుతూ పోయారు. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు గంటలకు ఒక్కో మోతాదు, నడిరాత్రి లేపే పని లేకుండా రాత్రి పదింటికి రెట్టింపు మోతాదు. నొప్పి వచ్చాక ఇవ్వడం కాదు, అది తల ఎత్తకముందే గడియారం చూసి ఇవ్వాలన్న ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టినవారు, 1967లో లండన్‌లో చివరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్. మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది కనుక విరేచనం మాత్ర కూడా మొదటి రోజు నుంచే తప్పనిసరిగా వేయాలి. దీనిని మరిచిన ఇళ్లలో రోగి ఆ బాధకే మందు మానేస్తాడని నర్సు చెప్పింది. వారం తిరగకముందే తాతయ్య పక్కకు ఒత్తిగిలి, సాయంత్రం వార్తలు వింటాను, రేడియో పెట్టమని అడిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మార్ఫిన్ తీసే నల్లమందు మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో ప్రభుత్వ లైసెన్సుతో పండుతుంది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని కఠిన నిబంధనల వల్ల ఎన్నో ఏళ్లపాటు ఆసుపత్రులే మార్ఫిన్ ఉంచుకోవడానికి భయపడ్డాయి. కేరళలో పాలియేటివ్ కేర్‌ను ఊరూరా తీసుకువెళ్లిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు పట్టుబట్టగా, 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి ఈ మందు దొరకడాన్ని సులభం చేసింది. ఆ సవరణకు ముందు మా ఊళ్లో ఇదే జబ్బుతో పోయినవారి మూలుగులు వీధి చివరి దాకా వినిపించేవని నాయనమ్మ చెబుతుంటే నాకు కోపమూ దుఃఖమూ రెండూ వచ్చాయి.

తిండి విషయంలోనే ఇంట్లో ఎక్కువ పోరు నడిచింది. చూడడానికి వచ్చినవారందరూ బత్తాయిలూ హార్లిక్సూ తెచ్చి, "తినకపోతే బలమెట్ల వస్తది?" అనేవారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెడతానన్నాడు. శరీరం సెలవు తీసుకునే దశలో ఆకలి దానంతట అదే తగ్గుతుందనీ, ఆ స్థితిలో ఎక్కించిన నీరు కాళ్లవాపుగానో ఊపిరితిత్తులలో గురగురగానో మారవచ్చుననీ, మింగలేని మనిషి నోట్లో బలవంతంగా పోస్తే అది శ్వాసనాళంలోకి పోతుందనీ నర్సు చెప్పినా, నాయనమ్మ మనసు ఒప్పుకోలేదు. యాభై ఏళ్లకు పైగా ఆయనకు వడ్డించిన మనిషి ఆమె. అందుకే నర్సు ఆమెకు వేరే పని అప్పగించింది. చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి, వేలికి చుట్టి, చిగుళ్లూ నాలుకా తుడిచి, పెదవులకు వెన్న రాయడం. నాయనమ్మ దానిని పూజలా చేసింది. అడిగితే ఒక చెంచాడు మజ్జిగ, అడగకపోతే లేదు.

చిన్నాన్న తాతయ్య ఒంటిని చూసుకున్నాడు. ఎయిర్ బెడ్ మీద కూడా రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. పాత ధోవతిని నాలుగు మడతలు వేసి నడుము కింద పరిచి, ఇద్దరు మనుషులు చెరోవైపు దాని అంచులు పట్టుకుని ఒక్కసారిగా జరిపితే, చర్మం పరుపుకు రాసుకోకుండా మనిషి తేలికగా తిరుగుతాడు. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాలిలో ఉంటాయి. నడుము చివర చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలవుతోందని గుర్తు. చివరి వరకూ ఆయన ఒంటి మీద ఒక్క పుండు పడలేదు; అది మా చిన్నాన్న గొప్పతనం.

జబ్బు పేరు ఆయనకు చెప్పవద్దని మేమంతా అనుకున్నాం. ఒకనాడు నర్సు, "నీకేమన్నా తెలుసుకోవాలని ఉందా తాతా?" అని అడిగితే ఆయన, "నా పానం సంగతి నాకెరుకే బిడ్డా. బాయికాడి మోటరు పంచాయితీ తెగాలె" అన్నాడు. ఆ తగాదాతో ఏళ్లుగా ఒకరితో ఒకరు పెదవి విప్పని అన్నదమ్ములు ఇద్దరినీ మంచానికి చెరోపక్క కూర్చోబెట్టి, నీళ్ల వంతులు ఆయనే తేల్చాడు. ఆసుపత్రి ఐసీయూలో ఉంటే ఆ మాట ఎవరితో చెప్పేవాడు?

చివరి రెండు రోజులు ఆయన కళ్లు తెరవలేదు. ఊపిరి కొంతసేపు వేగంగా ఆడి, కొంతసేపు ఆగి, మళ్లీ మొదలయ్యేది. ఇలా జరుగుతుందని ముందే చెప్పి ఉన్నందువల్ల ఎవరూ అంబులెన్సుకు ఫోన్ చేయలేదు. ఒక పక్కకు పడుకోబెడితే గొంతులోని గురక తగ్గింది. తెల్లవారుజామున, నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఉండగానే పోయాడు.

పెద్దకర్మ అయ్యాక మిగిలిన మార్ఫిన్ మాత్రలను లెక్కపెట్టి నాన్న ఆసుపత్రిలో అప్పగించి వచ్చారు. వాటిని ఇంట్లో ఉంచుకోవడం గానీ ఇంకొకరికి ఇవ్వడం గానీ కూడదు. ఎయిర్ బెడ్‌ను నర్సు చెప్పిన పక్క ఊరి ఇంటికి చిన్నాన్న స్వయంగా తీసుకువెళ్లి, ధోవతితో పక్క ఎలా మార్చాలో వాళ్లకు చేసి చూపించాడు. మీ ఇంట్లో ఇటువంటి రోగి ఉంటే, జిల్లా ఆసుపత్రికి వెళ్లి పాలియేటివ్ కేర్ విభాగం ఎక్కడని అడగండి. నొప్పి భరించలేనిది అయ్యేదాకా ఆగకండి.