రెండు వైర్లు వేసినా ఒకటే పనిచేసింది

శనివారం, రాత్రి పదకొండున్నర

ఇవాళంతా మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఐదో అంతస్తులో. సెలవని ఏసీ ఆపేశారు, చొక్కా వీపుకి అంటుకుపోయింది. పని చిన్నదే. సీలింగ్‌లో ఉన్న ఏపీలకి రెండో కేబుల్ తగిలించి, రెంటినీ ఒకే లింకుగా కలపాలి. ఏపీ అంటే యాక్సెస్ పాయింట్, వైఫై ఇచ్చే పెట్టె. ఫోన్లో "ఏపీ డౌన్" అని అరుస్తుంటే విని మా బావ ఒకసారి "అక్కడ మళ్ళీ ఏమైందిరా" అని కంగారు పడ్డాడు.

"రెండు వైర్లు గుంజినం, ఇగ రెండు గిగాబిట్లు వస్తది కదా అన్నా" అన్నాడు కేబులింగ్ కుర్రాడు. వాణ్ణి అనడానికేం లేదు. డిజైన్ కాగితంలో ఆ ముక్క రాసింది నేనే.

వైర్లని ఒకే లింకుగా కలిపే ఎల్‌ఏసీపీ అనే పద్ధతి రెండు వైపులా లేచింది. కేబుళ్ళన్నీ వచ్చి చేరే నెట్‌వర్క్ స్విచ్‌లో 23, 24 పోర్టులు ఒకే గ్రూపులో చేరాయి. నాలుగు లాప్‌టాప్‌లతో ట్రాఫిక్ తోశాం. 23లో అంకెలు గిర్రున తిరుగుతున్నాయి. 24లో 30 సెకన్లకోసారి ఎల్‌ఏసీపీ పలకరింపు, అంతే. కుర్రాడు లైటు వంక చూసి "సావలేదన్నా, ఊపిరి తీస్తుంది" అన్నాడు.

గంటసేపు కాన్ఫిగరేషన్ తిట్టుకున్నాక బుర్ర వెలిగింది. ఈ లింకు ప్యాకెట్లను, అంటే డేటా ముక్కల్ని, చెరిసగం పంచదు. ఎక్కణ్ణుంచి ఎక్కడికన్న అడ్రసులు, ప్యాకెట్ మీదుండే పోర్టు నంబర్లు (స్విచ్ పోర్టులు కావు) చూసి లెక్కగట్టి, ఒక సంభాషణ మొత్తాన్ని ఒకే వైరుకి అప్పజెబుతుంది. లేకపోతే ప్యాకెట్ల వరస తప్పుతుంది. మా ఏపీ ఏమో అందరి ట్రాఫిక్‌నీ క్యాప్‌వాప్ అనే టన్నెల్లో మూటగట్టి, ఏపీలన్నిటినీ నడిపే కంట్రోలర్‌కి పంపుతుంది. లోపల ఎంతమందున్నా బయటికి కనిపించేది ఒకే ఏపీ అడ్రసు, ఒకే కంట్రోలర్ అడ్రసు, అదే 5247 పోర్టు. పెళ్ళివారంతా ఒకే పేరు మీద టికెట్ తీసుకుంటే కండక్టర్ అందర్నీ ఒకే బస్సెక్కించాడు. రెండో బస్సు స్టాండులోనే ఉండిపోయింది.

ఒక ఏపీకి టన్నెల్ తీసేసి, ట్రాఫిక్ నేరుగా స్విచ్‌లోకే దిగేలా మార్చాను. 24 కదిలింది! అయినా ఒక లాప్‌టాప్ ఒక ఫైలు దించుకుంటే అది ఒక వైరు దాటదు. 2.5 గిగాబిట్ పోర్టున్న ఏపీలు కొనుంటే ఒక్క కేబుల్‌తో పోయేది. ఆ ప్రమాణం 2016లోనే వచ్చింది, పాత క్యాట్ 5ఈ వైరు మీదే నడుస్తుంది. అప్పుడు బడ్జెట్ లేదన్నారు. నిజం చెప్పాలంటే ఈ ఆఫీసులో ఏ ఏపీ గిగాబిట్‌లో సగం కూడా వాడగా నేను చూడలేదు. సోమవారం మేనేజర్‌కి ఈ రెండూ ఏ వరసలో చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

చివరగా వైరు పీకి చూద్దామన్నాను. కుర్రాడు ఆ వైఫై మీదే కరీంనగర్‌లో వాళ్ళమ్మకి వీడియో కాల్ చేశాడు. కాల్ 24 మీద నడుస్తోంది. ఏపీకి కరెంటు కూడా 23 వైరులోంచే వస్తోంది కాబట్టి దాని జోలికి పోలేదు. 24 పీకాను.

"ఏందిరా, జర ఆగినట్టయింది?" అందావిడ.

"ఏం లేదమ్మా, తిన్నవా?" అన్నాడు వాడు.