70 సీట్లు, 73 టికెట్లు

ద్విపద విభాజనం (ఇన్ని ప్రయత్నాల్లో ఒక ఫలితం ఎన్నిసార్లు రావచ్చో చెప్పే సంభావ్యత సూత్రం) అనగానే నాణేలు, పాచికలే ఎందుకని, ఓర్వకల్లు విమానాశ్రయం దగ్గరలోనే ఉంది కనుక, ఈసారి కర్నూలులోని మా డిగ్రీ విద్యార్థులకు ఓవర్‌బుకింగ్ (ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మడం) లెక్క ఇచ్చాను. విమానంలో 70 సీట్లున్నాయని, టికెట్ కొన్న ప్రతి ఒక్కరూ వచ్చే సంభావ్యత 0.95 అని అనుకున్నాం. 71 టికెట్లు అమ్మితే కనీసం ఒకరికి సీటు దక్కకపోయే అవకాశం 2.6 శాతమే, 72కు అది 12 శాతం, 73కు ఏకంగా 29 శాతం. సగటున 73 మందిలో 69 మందే వస్తారు కదా అని ధైర్యపడేవారు ఈ 29ని ఒకసారి చూడాలి.

అసలు చర్చ ఆ తర్వాత, వెనుక బెంచీ నుంచి మొదలైంది: "సార్, భార్యాభర్తలు విడివిడిగా మానుకోరు కదా?" నిజమే, ఈ సూత్రం ఒకరి రాకకు మరొకరి రాకతో సంబంధం లేదని భావిస్తుంది. 72 మందినీ 36 జంటలుగా తీసుకుని, వస్తే ఇద్దరూ, మానితే ఇద్దరూ అనుకుంటే, 0.95ను 36 సార్లు గుణించగా 12 శాతం కాస్తా దాదాపు 16 అయింది. పెళ్లి బృందాల సంగతి చెప్పనక్కర్లేదు.

సీటు దక్కనివారికి ఇవ్వవలసిన పరిహారాన్ని కలిపి, ఎన్ని టికెట్ల వరకు అమ్మడం లాభమో వచ్చే తరగతిలో చూస్తాం.