ఉప్పు తగ్గించి, ఆవ పెట్టి

మామయ్యగారికి గుండెకు స్టెంటు వేసి ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు చెప్పిన జాగ్రత్తల్లో నాకు అన్నిటికన్నా కష్టంగా తోచింది ఒక్కటే: ఉప్పు, నూనె బాగా తగ్గించాలి. మందులు వేళకు ఇవ్వవచ్చు, పొద్దున్నే నడిపించవచ్చు. కానీ కోనసీమలో పుట్టి, ఊరగాయ లేనిదే విస్తరి ముందు కూర్చోని మనిషి చప్పిడి కూర చూసి ముద్ద దిగక లేచిపోతుంటే ఏం చేయాలి? ఆయనకు విడిగా వండటం నాకు ఇష్టం లేదు. పథ్యం కూడు తనొక్కడికే అనుకుంటే మనిషికి ఆకలి కూడా చచ్చిపోతుంది. ఇంటిల్లిపాదికీ ఒకటే గిన్నె అని అత్తయ్యగారూ నేనూ నిశ్చయించుకున్నాం.

దసరా వెళ్లిన రోజులు కావడం మాకు కలిసొచ్చింది. వానలు తగ్గి, ఆకుకూరల కట్టలు బురద లేకుండా వస్తున్నాయి. హైదరాబాదులో మా ఇంటికి దగ్గర ఎర్రగడ్డ రైతుబజారు. 1999లో మొదలైన ఈ రైతుబజార్లలో నాకు నచ్చేది గేటు దగ్గర ఏ రోజు ధరలు ఆ రోజు రాసిపెట్టే బోర్డు. అందులో ఏది చవకో అదే ఆ కాలపు కూర అని నా లెక్క. గుమ్మడి, కంద, చామదుంప, చిలగడదుంప, బీర, లేత చిక్కుడు, తీగబచ్చలి. ఉల్లిపాయ, టమాటా వేయించి మసాలా దట్టించే కూరల్లో ఇవన్నీ ఒకే రుచికి వస్తాయి. ఉప్పు తగ్గించాలంటే కూరగాయకే సొంత రుచి ఉండాలి, అది నాలుకకు తెలియాలి. లేత చిక్కుడుకు ఆ రుచి ఉంది, నిల్వ ఉన్న బీన్సుకు లేదు.

ముందుగా ఉప్పును లెక్కలో పెట్టాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటవద్దంటాయి. అంటే దాదాపు ఒక చిన్న చెంచా. మేం నలుగురం. పొద్దున్నే నాలుగు చెంచాలు కొలిచి ఒక చిన్న గిన్నెలో పోసి, రోజంతా అందులోంచే వాడాలి, డబ్బా మూత తీయకూడదు. ఇడ్లీపిండికి, చారుకు, మజ్జిగకు పోగా రాత్రి కూరకు ఎంత మిగులుతుందో కళ్లముందే కనిపిస్తుంది. అప్పడాలు, వడియాలు, ఊరగాయ జాడీ పై అరలోకి వెళ్లాయి. వాటిలో ఉన్న ఉప్పు ఏ చెంచాకూ అందదు.

ఉప్పు వదిలిన చోటును పులుపు, ఘాటు, కమ్మదనం నింపాలి. ఇక్కడ అత్తయ్యగారి చేతి కందబచ్చలి మమ్మల్ని గట్టెక్కించింది. ఆమె కంద తరిగే తీరు చూడాల్సిందే. చేతులకు నూనె రాసుకుంటారు, కందను కడగకుండా పొడిగా ఉన్నప్పుడే మందంగా చెక్కు తీస్తారు, ముక్కలు కోశాకే నీళ్లలో వేస్తారు. కందలో సూదుల్లాంటి సన్నని ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, దురద పెట్టేవి అవే. తడి చేతితో పట్టుకుంటే మరీ బాధ. ముక్కలు మెత్తగా ఉడికాక తరిగిన బచ్చలి, అల్లం, పచ్చిమిర్చి వేసి, చింతపండు రసం కాస్త ఎక్కువే పోసి మగ్గనివ్వాలి. ఆ పులుపు రుచికీ పనికొస్తుంది, గొంతు గీర పెట్టకుండానూ కాపాడుతుంది. సెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు. ఒక చెంచా నూనె చాలు.

ఆవ పెట్టడం ఆఖరి పని. నానబెట్టిన ఆవాలను చన్నీళ్లతోనే నూరాలి, వేడినీళ్లు తగిలితే ఘాటు పుట్టదు. కూర దించి, గోరువెచ్చగా అయ్యాకే ఆ ముద్ద కలపాలి. పొయ్యి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కలిపిన గంటకు ఆవ ముక్కకు బాగా పడుతుంది. ఆ ఘాటు ముక్కుకెక్కగానే మామయ్యగారు తలెత్తి చూశారు. “ఏమ్మా, ఇందులోనూ ఉప్పు తక్కువేనా?” అని అడిగి, జవాబు వినకుండానే రెండోసారి వడ్డించమన్నారు. ఆ పూట మా ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

గుమ్మడికాయ పులుసు, చామదుంపల పులుసు సులువుగానే కుదిరాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గుమ్మడి చెక్కు మాత్రం పారేయకండి, ముక్కతో పాటే ఉడుకుతుంది.

రాత్రిపూట మాత్రం మా పుట్టింటి వంట. మాది మెదక్ వైపు. జొన్నరొట్టెకు నూనె అక్కర్లేదు, మా అమ్మ ఉప్పు కూడా వేయదు. గోధుమపిండికి ఉండే సాగుడు జొన్నకు లేదు కాబట్టి మరిగే నీళ్లు పోసి, చేయి కాలకుండా గరిటెతో కలిపి, వేడి తగ్గకముందే అరచేతి మడమతో గట్టిగా పిసకాలి. తట్టేటప్పుడు అంచు పగిలితే పిండి ఇంకా పిసకాలని అర్థం. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన తుడిచి, తడి ఆరగానే తిప్పాలి. పిండి గిర్నీలో కొత్తగా పట్టించిందే వాడండి, పాతబడితే రొట్టె విరుగుతుంది, చేదు కూడా వస్తుంది. పక్కన ఈనెలు తీసి, పురుగు చూసి, ఆవిరి మీద ఉడికించిన చిక్కుడుకాయ. పైన వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు. నువ్వులు దోరగా వేగితే వచ్చే కమ్మదనం ముందు ఉప్పు లోటు గుర్తుకు రాదు. కోనసీమ మనిషి జొన్నరొట్టె తింటారా అని భయపడ్డాను. పాలలో చిదిమి ఒకటి, కూరతో ఒకటి తిన్నారు.

కార్తికంలో ఉసిరికాయలు వచ్చాక ఊరగాయ బెంగ కూడా తగ్గింది. ఉసిరి తురిమి, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చితో నూరి పోపు పెడితే ఆ పూటకు పచ్చడి. నిల్వ చేయం కాబట్టి చిటికెడు ఉప్పుతో సరిపోతుంది.

మొన్న చూపించుకోవడానికి వెళ్తే డాక్టరుగారు రక్తపోటు అదుపులో ఉందన్నారు, ఇలాగే కొనసాగించమన్నారు. మందుల వల్ల ఎంతో, తిండి వల్ల ఎంతో నేను విడదీసి చెప్పలేను. ఇప్పుడు బజారులో అనపకాయలు దిగాయి. గింజలు ఒలిచే పని మామయ్యగారే తీసుకున్నారు. వంకాయతో కలిపి వండమని, ఈసారి ఆవ బదులు నువ్వులు నూరి వేయమని ఆయనే చెప్పారు. రేపటి కూర అదే.