కిలియెప్ అన్నా రొట్టే

"తెలుగులో మాట్లాడితే తప్పులు దిద్దుతావు. రష్యన్‌లో మాట్లాడితే జవాబు చెబుతావు. అందుకే రష్యన్‌లో మాట్లాడుతున్నాను." మాస్కోలో పెరుగుతున్న మా ఎనిమిదేళ్లవాడు అన్న ఈ మాట వారం రోజులుగా నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఆ పూట వాడు అడిగింది, "అమ్మా, ఇంకో ఖ్లేబు పెట్టు" అని. ఖ్లేబ్ అంటే రష్యన్‌లో రొట్టె. రొట్టె అంటేనే పెడతానని పట్టుబట్టాను. ఖ్లేబ్‌కు ఉకారం చేర్చి వాడు దాన్ని తెలుగు చేసుకున్నాడన్నది నా చెవికి ఎక్కలేదు. పొద్దస్తమానం బస్సు, ఫోను, స్కూలు అనే నేను ఏ ముఖంతో దిద్దాను?

మనసు ఆగక పక్కింటావిడతో చెప్పుకున్నాను. ఆవిడది సైబీరియాలోని యాకూత్స్క్ నగరం. లోకం యాకూత్‌లు అంటుంది గానీ, వాళ్లు తమను సఖా అనే చెప్పుకుంటారు. భాష టర్కీ భాష ఉన్న తుర్కిక్ కుటుంబానిదే. పూర్వీకులు బైకాల్ సరస్సు ప్రాంతం నుంచి ఉత్తరాన లేనా నది లోయకు వలస వెళ్లారు. టర్కీవాళ్లు బిర్, ఇకి అని లెక్కపెడితే వీళ్లు బీర్, ఇక్కి అంటారు. చుట్టాలకు అంత దూరమైనా అంకెలను వదులుకోలేదు.

"మా ఇంట్లో రొట్టెను కిలియెప్ అంటాం" అన్నారావిడ. అదీ ఖ్లేబే! మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం ఆ భాషకు పడదు. అందుకని మధ్యలో అచ్చు చొప్పించారు. బడికి రష్యన్ మాట ష్కోలా ముందు కూడా అచ్చు చేర్చి ఒస్కువోలా చేసుకున్నారు. మా నాయనమ్మ 'ఇస్కూలు' అనేది, అచ్చం అలాగే. ఆమెను ఎవరం దిద్దలేదు.

పిల్లలను దిద్దకండి, మాట్లాడనివ్వండి అని రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆవిడ కూతురు కూడా రష్యన్‌లోనే జవాబిస్తుందట. సొంత రిపబ్లిక్, సొంత బడులు, లక్షల మంది మాట్లాడేవాళ్లు ఉన్న భాషనే యునెస్కో ముప్పులో ఉన్నవాటిలో చేర్చింది. మా మాస్కో ఇంట్లో తెలుగుకు ఉన్నది మేం ముగ్గురం. దిద్దితే నోరు మూసుకుంటాడు. దిద్దకపోతే చివరకు ఆ ఉకారం ఒక్కటే మిగులుతుందేమో.

నిన్న రాత్రి "ఖ్లేబుకి వెన్న రాయి అమ్మా" అన్నాడు. రాసిచ్చాను. వాడు వెంటనే కొరకలేదు. ముక్క చేతిలో పట్టుకుని, దిద్దుతానేమోనని నా ముఖంకేసి చూస్తూ కూర్చున్నాడు.