లెక్కల మేష్టారి వెదురు చట్రం

నాగావళి గట్టున మన హైస్కూల్లో తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సమాంతర చతుర్భుజం వైశాల్యం సూత్రం మాకు నోటికి వచ్చు. భూమి, అంటే అడుగు భుజం, ఇంటూ ఎత్తు. ఏడులోనే బట్టీ పట్టేశాం. అయినా లెక్కలో రెండు భుజాల కొలతలు కనబడితే చాలు, క్లాసులో సగంమంది వాటినే గుణించేసేవారు.

మా లెక్కల మేష్టారు దానికి ఎవరినీ కోప్పడలేదు. మర్నాడు నాలుగు వెదురు బద్దలు పట్టుకొచ్చారు. రెండు 30 సెంటీమీటర్లవి, రెండు 20వి. మూలల్లో మేకులు వదులుగా కొట్టి, అటూ ఇటూ ఊగేలా చట్రం చేశారు. నిటారుగా నిలబెడితే దీర్ఘచతురస్రం, వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మెల్లగా పక్కకి వంచి, "భుజాలేటైనా మారినాయేట్రా?" అన్నారు. మారలేదు. కానీ ఎత్తు 10కి దిగిపోయింది, వైశాల్యం 300 అయింది. ఇంకా వంచితే బద్దలు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి, మధ్యలో చోటే లేదు. "మరి ఆ ఆరొందలూ ఎక్కడికి పోనాయిరా?"

ఆ వెంటనే మా నోటు పుస్తకాలు అడిగి తీసుకుని దొంతర పేర్చారు. స్కేలు ఆనించి దొంతరని ఏటవాలుగా నెట్టారు. ముందు నుంచి చూస్తే అదీ సమాంతర చతుర్భుజమే. ఈసారి పక్క భుజం సాగింది. అడుగు పుస్తకం అంతే ఉంది, ఎత్తూ అంతే ఉంది, పుస్తకం ఒక్కటీ తగ్గలేదు. చోటు మాత్రం ఎలా మారుతుంది? చట్రంలో భుజాలు కదలకుండానే వైశాల్యం పడిపోయింది. దొంతరలో భుజం పెరిగినా వైశాల్యం కదల్లేదు. ఈ రెండూ ఒకే పీరియడ్‌లో, ఒకదాని పక్కన ఒకటి చూపించారే, అంత మంచి పాఠం నేను మళ్లీ వినలేదు.

సమాంతర చతుర్భుజంలో ఒక కొసను త్రిభుజంగా కత్తిరించి రెండో కొసకి అతికిస్తే దీర్ఘచతురస్రం వస్తుందని అందరికీ తెలుసు. దాని మీద మా క్లాసు అమ్మాయి ఒకరు లేచి, "బాగా వాలిపోతే పై మూల నుంచి దించిన లంబం భూమికి అవతల పడతాది కదా మేష్టారూ, అప్పుడు ఎలగ కత్తిరిస్తాం?" అని అడిగింది. ఆయన మొహం వెలిగిపోయింది. అదే భూమి మీద, అదే రెండు సమాంతర రేఖల మధ్య దీర్ఘచతురస్రాన్ని కూడా గీశారు. రెండూ ఇమిడే పెద్ద ట్రెపీజియం ఒకటి వచ్చింది. అందులోంచి ఒక కొస త్రిభుజం తీసేస్తే మిగిలేది సమాంతర చతుర్భుజం, రెండో కొస త్రిభుజం తీసేస్తే మిగిలేది దీర్ఘచతురస్రం. ఆ త్రిభుజాలు రెండూ సర్వసమానాలు. ఎంత వాలినా ఇది చెల్లుతుంది. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన మొదటి పుస్తకంలో 35వ సిద్ధాంతంగా నిరూపించింది ఇదేనని చెప్పారు.

ఇప్పుడు నేను భూముల సర్వే పనిలో ఉన్నాను. రోడ్డు ఏటవాలుగా పోయిన చోట ఇళ్ల స్థలాలు ఇలాగే వాలి ఉంటాయి. మొన్న ఒకాయన కొనబోయే స్థలం రోడ్డు వైపు 60 అడుగులు, పక్కన 50. ఎదుటి భుజాలూ అంతే. 3,000 చదరపు అడుగులు, ఇంచుమించు ఏడు సెంట్లని బేరం. లంబంగా టేపు పెడితే 40 అడుగులే వచ్చింది. అంటే 2,400, ఐదున్నర సెంట్లు. సెంటంటే 435.6 చదరపు అడుగులు. ఊరిలో ఆ సెంటు పైచిలుకు విలువ ఎంతో మీకు చెప్పక్కర్లేదు. మా ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే పొలాల కొలతల పుస్తకం) పటాలు కూడా దీని మీదే నడుస్తాయి. ఎదురెదురు మూలల మధ్య గీత వేసి, మిగతా మూలల నుంచి దాని మీదకి లంబాలు కొలుస్తాం.

ఆ చట్రాన్ని పెద్ద సైజులో, మూలలకి బోల్టులు వేయించి మన బడికి ఇస్తాను. ఏడో తరగతిలోనే, సూత్రం బోర్డు మీద రాయకముందే దాన్ని పిల్లల చేతికివ్వమని ఇప్పటి లెక్కల మేష్టర్లకి నా మనవి.